పదకొండు మందికి ఒకే నంబరు

డిసెంబరు 11, గురువారం, సాయంత్రం నాలుగుంబావు. నిర్మల్ దాటాక ఆదిలాబాద్ తోవలో ఒక పెద్ద ఊరు, బడి వరండా.

హాజరు: నేను. నా తమ్ముడి కూతురు, లాప్‌టాప్‌తో. కరీంనగర్ కంటి ఆసుపత్రి నుంచి వచ్చిన క్యాంపు ఇన్‌ఛార్జి. ఆ ఊరి ఆశా కార్యకర్త. బడిలో మధ్యాహ్న భోజనం వండే పెద్దామె. ఈ చివరి ఆమెను ఎవరూ పిలవలేదు. వంట గంజులు తోమడం ముగించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ తనే వచ్చి నిలబడింది.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలాగే మొదలవుతుంది. ముప్పై రెండేళ్లు మందమర్రిలో బొగ్గుబాయి మస్టర్ ఆఫీసులో హాజరు వేసినవాడిని. ఎవరు వచ్చారో రాయనిదే నాకు పేజీ మొదలు కాదు. రిటైరై కరీంనగర్‌లో ఇల్లు కట్టుకున్నాక హాజరు వేయడానికి ఎవరూ లేక, పాలాయన వచ్చిన వేళ కూడా రాసుకున్న రోజులున్నాయి.

తమ్ముడి కూతురు కరీంనగర్‌లోనే ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తుంది. రైస్‌మిల్లులకు, గ్రానైటు క్వారీలకు కాగితాల పని దానంతట అదే జరిగిపోయేలా కంప్యూటర్లో ఏర్పాటు చేసి ఇవ్వడం వాళ్ల పని. చూసేదాకా నేను ప్రోగ్రాము అంటే తెర నిండా అర్థంకాని అక్షరాలు రాయడమే అనుకున్నాను. ఆమె రాసేది తక్కువ, పేర్చేది ఎక్కువ. తెర మీద డబ్బాలుంటాయి. ఒక డబ్బా ‘ఫారం వచ్చినప్పుడు’ అంటుంది, దాని కిందిది ‘పట్టికలో రాయి’ అంటుంది, ఆ కిందిది ‘మెసేజ్ పంపు’ అంటుంది. ఏ డబ్బాలోని సమాచారం ఏ డబ్బాలోకి పోవాలో చూపిస్తే చాలు. ఈ వరుసను వాళ్లు ఫ్లో అంటారు.

కంటి ఆసుపత్రి వాళ్లు ఊళ్లలో ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఆపరేషన్ అవసరమైనవారిని బస్సులో కరీంనగర్ తీసుకుపోతారు. వాళ్లకు ఒక ఫ్లో కావాలంటే మా పిల్ల ఆదివారాలు మా ఇంట్లో అన్నం బల్ల మీద కూర్చుని తయారుచేసింది. డాక్టరు కన్ను చూడగానే పక్కన కూర్చున్నవారు ఫోన్లో ఫారం నింపుతారు. పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఏ కన్ను, బీపీ, షుగరు, ఆపరేషన్ కావాలా వద్దా. ఫ్లో దాన్ని పట్టికలో ఒక వరుసగా ఎక్కిస్తుంది. బస్సు తేదీ ఖాయమయ్యాక, ఆపరేషన్ కావాలని ఉన్న వరుసలను బస్సు లిస్టులో చేర్చి, తేదీ చెబుతూ మెసేజ్ పంపిస్తుంది.

తయారుచేసేటప్పుడు ఆమెకు ఒక అనుమానం వచ్చింది. సిగ్నల్ లేని ఊళ్లలో ఫారం పోయిందో లేదో తెలియక మళ్లీ పంపుతారు. అప్పుడు ఒకే మనిషి రెండుసార్లు పట్టికలో ఎక్కుతారు. అందుకని ఫ్లో ముందు వెతకాలి. ఆ మనిషి ఇప్పటికే ఉంటే ఉన్న వరుసనే దిద్దాలి, లేకపోతే కొత్త వరుస రాయాలి.

“దేంతోటి గుర్తుపట్టాలె పెద్దబాపు? పేరుతోటా?” అని అడిగింది.

“పేరుతోటి వద్దు బిడ్డా. ఊర్ల ఒకటే పేరు పదిమందికి ఉంటది. రాసెటోళ్లు తలా ఒక తీరు రాస్తరు. ఫోన్ నంబరు పెట్టు. ఒక మనిషికి ఒక నంబరు, లడాయే ఉండదు” అన్నాను.

ముప్పై రెండేళ్ల అనుభవమంతా గొంతులో పెట్టుకుని చెప్పాను. ఆమె అలాగే పెట్టింది.

నవంబరులో ఈ బడిలోనే పరీక్షలు జరిగిన రోజు నేనూ వచ్చాను. నాకు అప్పగించిన పనేమీ లేదు. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, డాక్టరు ముందు నుంచి ఒక్కొక్కరు లేచినప్పుడల్లా డైరీలో ఒక గీత పెట్టాను. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. ఎవరూ అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. చివర మొత్తం వేసి డైరీ మూసేశాను.

డిసెంబరు పదకొండున ఇన్‌ఛార్జి వచ్చింది లిస్టు చదివి వినిపించడానికి. ఫ్లో ఎలా పనిచేసిందో చూద్దామని మా పిల్ల, నేను కూడా వెంట వచ్చాం. మర్నాడు పొద్దున ఆరున్నరకు బస్సు. ఇరవై రెండు పేర్లు చదివాడు. పేరు వినబడిన వాళ్లు ఇళ్లకు పోయారు. వరండాలో మేం ఐదుగురమే మిగిలాం.

“నా పేరు సదివినవా సారు?” అంది వంటామె.

ఇన్‌ఛార్జి మళ్లీ పైనుంచి కిందికి చూశాడు. “లేదమ్మా.”

“మల్ల సూడు జర. గా డాక్టరు నా కన్నుల లైటేసి చూసిండు. ఆలస్యం జెయ్యకు అవ్వా అన్నడు. నా చెవులతోని ఇన్న.”

ఆమె కుడికన్ను ఎన్నో ఏళ్ల కిందటే పోయింది. ఎడమ కంటిలో ఇప్పుడు పాలపొర లాంటిది కమ్ముకుంటోంది. పోయిన నెల బువ్వలో రాయి వచ్చి ఒక పిల్లవాడి పన్ను విరిగితే, వాడి తండ్రి బడికొచ్చి కేకలేశాడు. హెడ్మాస్టరు మంచివాడే. ‘జనవరిలోపు కన్ను బాగు చేయించుకో, లేకపోతే వేరే ఆమెను పెట్టక తప్పదు’ అన్నాడట. ఈ బస్సు తప్పితే మళ్లీ బస్సు ఎండాకాలం దాటాకే. అప్పటికి ఆమెకు పని ఉండదు, చూపు మాట చెప్పలేం.

“లిస్టుల లేనోళ్లను ఎక్కించుకపోతే ఆడ నన్ను అడుగుతరమ్మా,” అన్నాడు ఇన్‌ఛార్జి. మెల్లగానే అన్నాడు. “ఆపరేషన్ రాసినోళ్లందరు గిండ్ల ఉన్నరు. నువ్వు ఆ రోజు చూపించుకోలేదేమో. యాదికి లేదేమో.”

“కండ్లు పోయినయి గని మతి పోలే బిడ్డా. నా పేరు లేకపోతే రాజ్యమేం మునగదు. రేపటి సంది పిల్లల బియ్యంల రాళ్లు ఎవరేరుతరో గది చెప్పు. నువ్వు ఏరుతవా?”

ఆశా కార్యకర్త నవ్వు ఆపుకుని ముందుకొచ్చింది. ఊళ్లో అందరూ ఆమెను ఉద్యోగం పేరుతోనే ఆశక్క అంటారు. “సార్, నేనే దగ్గరుండి కుర్చీల కూసోబెట్టిన. ఆమెకు ఫోన్ లేదు, నా నంబరే రాయించిన. ఫోన్ లేనోళ్లందరికి నా నంబరే.”

లాప్‌టాప్ మీద మా పిల్ల వేళ్లు ఆగిపోయాయి. “ఎంతమందికి అక్కా?”

“పది పన్నెండు మంది ఉంటరు. అడిగితే కాదంటనా? మెసేజ్ వస్తే ఇంటికి పోయి చెప్పుడు నా పనే గద.”

“మరి మెసేజ్‌లు ఎన్ని వచ్చినయ్?”

“ఒక్కటే వచ్చింది. కడమయి ఎనుక వస్తయనుకున్న.”

మా పిల్ల నా వైపు చూసింది. నేను సంచీలోంచి డైరీ తీసి నవంబరు పేజీ తెరిచాను. గీతల కింద మొత్తం వేసి ఉంది, అరవై మూడు.

“పట్టికల ఎన్ని వరుసలున్నయి బిడ్డా?”

“నలభై తొమ్మిది.”

పద్నాలుగు మంది కుర్చీలో కూర్చున్నారు, పట్టికలో లేరు.

బాయిలో మాకు ఒక పద్ధతి ఉండేది. దిగే ప్రతి మనిషికి నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఒకటి. దిగేముందు పైన బోర్డుకు తగిలిస్తాడు, ఎక్కి వచ్చాక తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయినా బోర్డు మీద బిళ్ల ఒకటి మిగిలిందంటే, లోపల మనిషి ఒకడు మిగిలినట్టు. ఒకసారి అలాగే ఒక బిళ్ల మిగిలింది. మస్టర్ ఆఫీసులో ఎవరమూ లేవలేదు, టిఫిన్ డబ్బాలు తెరవలేదు. గంటన్నర వెతికితే ఆ మనిషి ల్యాంపు గది వెనక గోడ నీడలో నిద్రపోతూ దొరికాడు. ఎక్కి వచ్చాడు గానీ బిళ్ల తీసుకోవడం మరిచిపోయాడు. ఎవరూ తిట్టలేదు. మనిషి దొరికాడు, అది చాలు. దిగినవారి లెక్క, ఎక్కినవారి లెక్క ఒకటయ్యేదాకా ఇంటికి పోయేది లేదు. అంతటి పద్ధతిలో బతికిన నేను ఈ ఫ్లోలో ఎంతమంది దిగారు, ఎంతమంది ఎక్కారు అని ఒక్కసారీ అడగలేదు.

ఏం జరిగిందో మా పిల్ల ఇన్‌ఛార్జికి చెప్పింది. ఆశక్క నంబరుతో మొదటి ఫారం రాగానే ఒక వరుస తయారైంది. అదే నంబరుతో రెండోది వస్తే, ఫ్లో దాన్ని అదే మనిషి అనుకుని పాత పేరు మీద కొత్త పేరు రాసింది. మూడోది వస్తే మళ్లీ. అలా ఎందరు వచ్చినా చివరికి మిగిలింది ఒక్క వరుస.

ఇన్‌ఛార్జి లిస్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. “గందుకే కాయితం మీద రాస్తమని మొదటి నుంచి మొత్తుకున్న. డబ్బాలు పేర్చుడు నేర్చుకున్న పిల్లల చేతుల పేషెంట్లను పెడితే గిట్లనే ఉంటది.”

మా పిల్ల తల వంచుకుంది. ఎవరి మాట విని అలా పెట్టిందో చెప్పలేదు. చెప్పదని నాకు తెలుసు. నేను డైరీ వెనక్కి తిప్పాను, అక్టోబరులో ఒక ఆదివారం పేజీ దొరికింది. పైకి చదివాను. ‘మనిషిని దేనితో గుర్తుపట్టాలని బిడ్డ అడిగింది. ఫోన్ నంబరుతో అని చెప్పాను. పేరు కన్నా నమ్మకమైనది. వెంటనే ఒప్పుకుంది.’

“గా మాట నాది సారు,” అన్నాను. “పిల్ల అడిగింది, నేను చెప్పిన. తప్పు నాది.”

ఆశక్కకు నవ్వు ఆగలేదు. “కాకా, నీ తప్పు నువ్వే తారీకు ఏసి రాసిపెట్టుకున్నవా! మా ఇంటాయనకు గీ అలవాటు నేర్పియ్యి జర. ఆయన తప్పులన్ని నేనే యాది పెట్టుకోలేక సస్తున్న.”

ఇన్‌ఛార్జి కూడా నవ్వాడు. లిస్టు మళ్లీ జేబులోంచి బయటికొచ్చింది. “సరే. పోయినోళ్లు దొరుకుతరా ఇప్పుడు?”

“దొరకాలె సార్,” అంది మా పిల్ల. “వరుసను దిద్దినప్పుడు పట్టిక పాతది పారెయ్యది. కింద దాచుకుంటది.”

ఆశక్క నంబరున్న వరుస తెరిచి, దాని పాత రూపాలు చూపించమంది. ఉల్లిగడ్డ పొరలు తీసినట్టు ఒక్కొక్కటి కిందికి వచ్చింది. పేరు కనబడగానే ఆశక్క మనిషిని గుర్తుపట్టేది. “అగో, మా వాడకట్టుల కర్రపని జేసే వడ్లాయన! గీమె కిరాణం దుకాణం అవ్వ. గీయన పత్తి పటేలు.”

పొర తీసినప్పుడల్లా వంటామె అడిగేది. “నా పేరు రాలేదా ఇంక?”

“ఇంక రాలే అవ్వా.”

ఆరు పొరలయ్యాయి. ఏడు, ఎనిమిది. ఆమె అడగడం మానేసి వరండా స్తంభాన్ని పట్టుకుంది. తొమ్మిదో పేరు కూడా ఆమెది కాకపోయేసరికి ఇన్‌ఛార్జి గడియారం చూసుకున్నాడు. నాకూ భయం పట్టుకుంది. అప్పుడు గుర్తొచ్చి అడిగాను. “ఆ రోజు నువ్వు ఎన్ని గంటలకు కూసున్నవు కుర్చీల?”

“అందరికన్న ముంగట. పొయ్యి మీద ఎసరు పెట్టి ఉరికొచ్చిన. బువ్వ మాడుతదని డాక్టరును తొందర జేసిన.”

“అయితే ఫికర్ జెయ్యకు. ముంగట వచ్చినోళ్లు అందరికన్న అడుగున ఉంటరు.”

పదకొండో పొర ఆమెది. ఆ కింద ఇంకేమీ లేదు. మా పిల్ల గట్టిగా చదివింది. “ఎడమ కన్ను. ఆపరేషన్ అవసరం. ఆలస్యం చేయవద్దు.” బీపీ, షుగరు రెండూ రాసి ఉన్నాయి.

“నేను చెప్తే ఇనలే,” అంది వంటామె ఇన్‌ఛార్జితో. “మిషిన్ చెప్తే ఇంటివా?”

కానీ అందరి కన్నా పైనున్న వరుసలో ఇంకో సంగతి బయటపడింది. అది వడ్లాయనది, మర్నాటి లిస్టులో ఉన్నవాడే. ఆయన ఫారంలో షుగరు గడి ఖాళీ. ఖాళీ గడి వస్తే ఫ్లో పాత అంకెను అలాగే ఉంచేసింది. లిస్టులో ఆయన పేరు పక్కన ఉన్న షుగరు, కింది పొరలో ఉన్న కిరాణం దుకాణం అవ్వది. తప్పిపోవడమే కాదు, ఒకరి రక్తం లెక్క ఇంకొకరి మీద కూర్చుంది. ఇన్‌ఛార్జి అప్పుడు నిజంగా కలవరపడ్డాడు. ఆశక్క తన షుగరు చూసే మిషన్ తెచ్చి వడ్లాయన ఇంటికి పోయి వేలు గుచ్చి చూసి వచ్చింది. షుగరు మామూలుగానే ఉందట. అదృష్టం అనాలి.

మిగతా నలుగురు ఇంకో రెండు వరుసల కింద దొరికారు. ఆ రెండూ గల్ఫ్ నంబర్లు. ఈ వైపు ఇళ్లలో నంబరు అడిగితే, మస్కట్‌లోనో దుబాయిలోనో ఉన్న కొడుకు నంబరు నోటికి వస్తుంది. ఇంట్లో ఫోనుకు రీఛార్జి ఉండొచ్చు, లేకపోవచ్చు, ఆ నంబరు మాత్రం ఎప్పుడూ పలుకుతుంది. ఇన్‌ఛార్జి అక్కడికక్కడే మస్కట్‌కు ఫోన్ కలిపాడు. “మా అవ్వకు మెసేజ్ వచ్చింది సార్, బాపుకు రాలే,” అన్నాడు అవతలి మనిషి. “బాపు కన్ను మంచిగనే ఉందేమో అనుకుని ఖుషి అయిన.”

పద్నాలుగు మందిలో ఆరుగురికి ఆపరేషన్ కావాలని ఉంది. బస్సులో సీట్లు ముప్పై, ఆసుపత్రిలో మంచాలు మాత్రం ఇరవై రెండే సిద్ధం చేశారు. ఇన్‌ఛార్జి వరండా చివరికి పోయి డాక్టరుతో చాలాసేపు మాట్లాడాడు. వంటామె కన్ను అటే ఉంది. తిరిగి వస్తూ దూరం నుంచే అన్నాడు. “ఆరుగురికి ఎల్లుండి చేస్తరట. అప్పటిదాక వార్డుల ఉండుమన్నరు. తోలుకరమ్మన్నరు.”

ఆమె పోయి, అప్పటికే తోమిన గంజును ఇంకోసారి తోమింది.

ఇంకా వెలుతురుంది. మా పిల్ల లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని అడిగింది. “ఇప్పుడు మనిషిని దేంతోటి గుర్తుపట్టాలె పెద్దబాపు?” అంతకుముందే నా సలహా ఆమెను నిండా ముంచింది, అయినా మళ్లీ నన్నే అడిగింది. ఆ సంగతి కూడా డైరీలో రాసుకున్నాను.

“బిళ్లతోటి,” అన్నాను. “కుర్చీల కూసున్నప్పుడే మనిషికో నంబరు చీటీ ఇయ్యాలె. ఫోన్ నంబరు అంటే మనిషిని పిలిచే తోవ. ఒక్క తోవల పదిమంది నడుస్తరు.”

ఆమె ఫారంలో చీటీ నంబరుకు కొత్త గడి పెట్టింది. ఖాళీ గడి వస్తే పాత అంకె ఉంచకుండా ‘చూడలేదు’ అని రాసేలా మార్చింది. చివర ఇంకో డబ్బా చేర్చింది. వచ్చిన ఫారాలెన్ని, పట్టికలో మనుషులెందరు అని లెక్క పోల్చి, తేడా ఉంటే మెసేజ్‌లు పంపకుండా ఆగి ఆమెకు చెబుతుంది. ప్రతి డబ్బాకు ఒక పేరు పెట్టాలట. దానికి ‘బాయి మీది బోర్డు’ అని పెట్టింది.

అరవై మూడు మందినీ చీటీ నంబర్లతో తిరిగి ఎక్కించి ఫ్లో నడిపితే, ఆశక్క ఫోన్ వరుసగా నాలుగుసార్లు మోగింది.

“గండ్ల నాదేది?” అంది వంటామె.

“మొదటిదే నీది. బువ్వ మాడుతదని తొందర జేసినవు గద!”

ఆ పూట ఆశక్క ఇంట్లోనే జొన్నరొట్టె, పుంటికూర తిన్నాం. అట్టపెట్టె కత్తిరించి ఇరవై ఎనిమిది చీటీలు చేసి నంబర్లు వేశాను. నేనింకా రాస్తుండగానే మా పిల్ల నిద్రపోయింది.

మర్నాడు పొద్దున ఆరుంబావుకు బస్సు వచ్చింది. చలికి అందరూ చెవులకు తువ్వాళ్లు చుట్టుకుని వచ్చారు. తలుపు దగ్గర నిలబడి చీటీ చూస్తూ ఒక్కొక్కరికి ఒక గీత పెట్టాను. ఇరవై ఆరయ్యాక ఇద్దరు మిగిలారు. పత్తి పటేలు రాలేదు. చేలో పత్తి ఏరడానికి మనుషులు ఈ వారమే దొరికారని, వచ్చే బస్సుకు వస్తానని కబురంపాడు. ఆయన కంటికి తొందరేమీ లేదని డాక్టరు రాసి ఉండటంతో ఇన్‌ఛార్జి ఊరుకున్నాడు. మా పిల్ల ఆయన వరుస తీసేయలేదు, ‘వచ్చే బస్సు’ అని రాసి ఉంచింది. ఆయన చీటీ నా డైరీలో పెట్టుకున్నాను.

చివరగా వంటామె వచ్చింది, కోడలిని వెంటబెట్టుకుని. వారం రోజులు బడిలో వంట కోడలిదట, హెడ్మాస్టరు ఒప్పుకున్నాడు. “చేట ఎండకు పెట్టి చూడు. నల్లరాయి దొరుకుతది, తెల్లరాయితోనే పరేషాన్,” అని కోడలికి చెబుతూనే మెట్టెక్కి, ఆగి నా వైపు తిరిగింది.

“గీత పెట్టినవా?”

“పెట్టిన.”

“జర లావుగ పెట్టు. సన్నగ పెడితే మల్ల మాయమైత.”

ఆమె చూస్తుండగా ఆ గీత మీదే ఇంకోసారి దిద్దాను. ఆమె పోయి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు నిర్మల్ వైపు కదిలింది.